పీఆర్‌కి అర్హత ఉందా లేదా: డబ్బు కట్టకముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క

(పీఆర్‌తో, అంటే పర్మనెంట్ రెసిడెన్సీతో, విదేశాల్లో శాశ్వతంగా స్థిరపడాలనుకునే యువత కోసం, వాళ్ళ తల్లిదండ్రుల కోసం కావలిలో ఏర్పాటైన సభలో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడగడంతో రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాగితం, పెన్ను తెచ్చుకున్నారా? తెచ్చుకోనివాళ్ళు ఫోన్‌లో రాసుకోండి. ఇవాళ మనం కొంచెం కూడికలు చేయాలి.

నా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఫైళ్ళు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వచ్చి అడిగే మొదటి మాట ఒకటే. "సార్, మా వాడికి పీఆర్ వస్తుందా?" నేను తిరిగి అడుగుతాను, "ఏ దేశానికి? ఏ పద్ధతిలో? వాడి పాయింట్లు ఎన్ని?" అప్పుడు చాలామంది ఏమంటారో తెలుసా? "అదంతా కన్సల్టెన్సీ వాళ్ళు చూసుకుంటామన్నారు సార్, మొదటి విడత డబ్బు కట్టేశాం." డబ్బు కట్టేశారు. అర్హత ఉందో లేదో ఇంకా తెలీదు. వరుస తిరగబడింది కదా? ముందు అర్హత తేలాలి, తర్వాత డబ్బు సంగతి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. అర్హత అనేది ఏ ఏజెంటూ ఇచ్చేది కాదు. అది మీ వయసులో, మీ చదువులో, మీ ఉద్యోగంలో, మీ ఇంగ్లీషులో ఇప్పటికే ఉంటుంది, లేదా ఉండదు. ఉందో లేదో మీరే ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

ఒక సంగతి ముందే అనుకుందాం. మన నెల్లూరు జిల్లా నుంచి, ప్రకాశం నుంచి, పక్కన కడప నుంచి కువైట్‌కి, దుబాయ్‌కి ఎంతోమంది వెళ్ళారు. ఆ డబ్బుతోనే ఇళ్ళు కట్టారు, పిల్లల్ని చదివించారు. అది పని కోసం వెళ్ళడం. కాంట్రాక్టు అయిపోతే తిరిగి రావాలి. ఇవాళ మాట్లాడేది వేరు. ఒక దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు, అంటే పీఆర్, దాని గురించి. స్టూడెంట్ వీసా పీఆర్ కాదు. వర్క్ పర్మిట్ పీఆర్ కాదు. విజిట్ వీసా అసలే కాదు. "ముందు విజిట్ మీద పోనీ, అక్కడికెళ్ళాక పీఆర్ చేయిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇప్పుడు కెనడా తీసుకుందాం. ఎందుకు కెనడా? లెక్క అంతా బయటికి కనిపిస్తుంది కాబట్టి. 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుస్తోంది. అందులో మూడు రకాలున్నాయి. ఇక్కడ మన ఊళ్ళో ఉండి దరఖాస్తు చేసేవాళ్ళకి ఎక్కువగా సంబంధించేది ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పద్ధతి. దీనికి వందకి 67 పాయింట్లు రావాలి. రాసుకోండి: భాషకి గరిష్ఠంగా 28, చదువుకి 25, అనుభవానికి 15, వయసుకి 12, అక్కడ ఖాయమైన ఉద్యోగం ఉంటే 10, సర్దుబాటుకి, అంటే అక్కడ కుదురుకోవడానికి తోడ్పడే అంశాలకి, 10. భాషకి 28 అన్నానే, అందులో ఇంగ్లీషు ఒక్కదానికి 24, మిగతా 4 ఫ్రెంచి వస్తే.

మన కావలి అబ్బాయి ఒకణ్ణి అనుకుందాం. వయసు 29. బీటెక్. నాలుగేళ్ళు ఉద్యోగం చేశాడు. పెళ్ళయింది, భార్య డిగ్రీ చదివింది. అక్కడ ఉద్యోగమేమీ చేతిలో లేదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తే నాలుగు విభాగాల్లోనూ 6 వచ్చింది. అందరం కలిసి వేద్దాం. వయసు 18 నుంచి 35 లోపు ఉంటే నిండుగా 12. బ్యాచిలర్ డిగ్రీకి 21. నాలుగేళ్ళ అనుభవానికి 13. ఐఈఎల్‌టీఎస్ 6 అంటే వాళ్ళ కొలతలో సీఎల్‌బీ 7, విభాగానికి 4 చొప్పున 16. ఎంతయింది? 62. కావాల్సింది 67. ఇతనికి అర్హత లేదు. బీటెక్ ఉంది, నాలుగేళ్ళ ఉద్యోగం ఉంది, ఇంగ్లీషులో పాసయ్యాడు. అయినా అర్హత లేదు.

సరే, మళ్ళీ రాశాడు. ఈసారి సీఎల్‌బీ 8 స్థాయి వచ్చింది. విభాగానికి 5, మొత్తం 20. ఇప్పుడెంత? 66. ఒక్క పాయింటు! ఒక్క పాయింటుతో ఆగిపోయాడు. సీఎల్‌బీ 9 వస్తే విభాగానికి 6, మొత్తం 24. అప్పుడు 70 అయి గట్టెక్కుతాడు.

ఇప్పుడు ఇంకో దారి చూడండి. అతని ఇంగ్లీషు ఆ మొదటి స్కోరు దగ్గరే ఉంది, 62 దగ్గరే ఉన్నాడు. భార్య చేత కూడా పరీక్ష రాయించాడు. ఆమెకి సీఎల్‌బీ 4 వస్తే చాలు, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో వినడంలో 4.5, చదవడంలో 3.5, రాయడంలో 4, మాట్లాడడంలో 4. దానికి సర్దుబాటు కింద 5 పాయింట్లు వస్తాయి. 62కి 5 కలిపితే? సరిగ్గా 67. ఆ ఇల్లాలు రాసిన పరీక్షతో ఆ ఇంటికి అర్హత వచ్చింది. ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, మన ఇళ్ళల్లో ఫైలు అంటే మగపిల్లాడి ఫైలే. కోడలి సర్టిఫికెట్లు బీరువాలో ఎక్కడో ఉంటాయి. ఆ అమ్మాయి చదువు, ఆమె ఇంగ్లీషు, ఆమె ఉద్యోగం లెక్కలోకి వస్తాయని ఎవరూ చూడరు. కొన్ని ఇళ్ళల్లో ఆమె పేరు మీదే దరఖాస్తు పెడితే పాయింట్లు ఎక్కువ వస్తాయి. రెండు విధాలా వేసి చూడండి. తల్లులు నా మాట గుర్తుపెట్టుకోండమ్మా, మీ కోడళ్ళ చదువును ఆ లెక్కలోకి తీసుకురండి.

ఐఈఎల్‌టీఎస్ అన్నాను కదా, అందులో రెండు రకాలున్నాయి. అకడమిక్, జనరల్ ట్రైనింగ్. చదువు కోసం వెళ్ళేవాళ్ళు అకడమిక్ రాస్తారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి జనరల్ ట్రైనింగ్ కావాలి. అన్న అకడమిక్ రాశాడని తమ్ముడూ అదే రాసేస్తాడు, ఆ స్కోరు ఇక్కడ పనికిరాదు. పీటీఈ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్షలో అయితే పీటీఈ కోర్ అని వేరే ఉంది, కెనడా 2024 నుంచి దాన్ని ఒప్పుకుంటోంది. ఏది రాసినా ఆ స్కోరుకి ఆయుష్షు రెండేళ్ళే.

అనుభవం సంగతికొద్దాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గత పదేళ్ళలో కనీసం ఒక ఏడాది, మధ్యలో తెగకుండా, వారానికి 30 గంటల చొప్పున జీతానికి చేసిన పని ఉండాలి. వాళ్ళు వృత్తులను టీర్ అనే మెట్లుగా విడగొట్టారు, ఆ పని టీర్ 0, 1, 2, 3ల్లో ఒకదానిలో పడాలి. మన పక్కనున్న పనే చెబుతాను. రొయ్యల చెరువుల మీద ఇద్దరున్నారు. ఒకాయన మొత్తం సాగును నడిపే మేనేజరు. పిల్ల వేయడం, మేత, నీటి పరీక్షలు, కూలీలు, అమ్మకం అన్నీ ఆయన చేతి మీదుగా సాగుతాయి. ఆక్వా మేనేజరు పని టీర్ 0లో ఉంది. రెండో ఆయన మేత చల్లి, వలలు లాగే కార్మికుడు. ఆ పని టీర్ 5. అది ఈ పద్ధతిలో లెక్కకు రాదు. పని గొప్పదా తక్కువదా అన్న మాట కాదిది, వాళ్ళ పట్టికలో ఎక్కడుందన్నదే. అట్లాగే ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తే అది టీర్ 4, లెక్కకు రాదు. వంటమనిషి పని టీర్ 3, లెక్కకు వస్తుంది. ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

ఇంకోటి. వాళ్ళు చూసేది మీ హోదా పేరు కాదు, మీరు రోజూ చేసే పనులు. ఐడీ కార్డు మీద మేనేజర్ అని ఉండి, చేసేది బిల్లింగు అయితే అది మేనేజరు పని కాదు. అందుకే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏమేం పనులు చేశారు, ఇవన్నీ ఉండాలి. మన దగ్గర ఇచ్చే లెటర్‌లో ఏముంటుంది? "ఇతని ప్రవర్తన బాగుంది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం" అని రెండు వాక్యాలు. దానితో పని కాదు. నెల్లూరులో నర్సులుగా చేసే అమ్మాయిలు నా దగ్గరికొస్తారు. నిజాయితీగా ఐదారేళ్ళు రాత్రీ పగలూ పనిచేసి ఉంటారు. జీతం మాత్రం చేతికి కవర్లో ఇస్తారు. పేస్లిప్ లేదు, పీఎఫ్ లేదు, బ్యాంకులో జమ లేదు. ఆ కష్టాన్ని రేపు ఎట్లా చూపించాలి? అందుకని ఇప్పుడే చెబుతున్నాను, ఇవాళ ఉద్యోగంలో ఉన్న ప్రతి పిల్లా పిల్లాడూ జీతం బ్యాంకులో వేయమని అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు దాచుకోండి. ఫారం 16 దాచుకోండి. ఉద్యోగం మానేసే రోజు మొహమాటపడకుండా పూర్తి లెటర్ రాయించుకుని బయటికి రండి. మూడేళ్ళ తర్వాత వెళితే ఆ హెచ్ఆర్ మనిషి అక్కడ ఉండరు.

లేని అనుభవాన్ని కొనుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి దొరికితే కెనడా చట్టం ప్రకారం అది తప్పుడు సమాచారం ఇవ్వడం. ఐదేళ్ళ పాటు ఆ దేశానికి దరఖాస్తే పెట్టలేరు. పీఆర్ వచ్చాక బయటపడినా అది పోతుంది. తయారుచేసిచ్చిన ఏజెంటు మీద ఆ నిషేధం పడదు. సంతకం మీది కాబట్టి నిషేధం మీ మీద పడుతుంది. ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి ఐదేళ్ళు అంటే ఎంత విలువైన కాలమో పెద్దలకి నేను చెప్పాలా?

చదువుకి వద్దాం. మన డిగ్రీని వాళ్ళు నేరుగా ఒప్పుకోరు. దాన్ని అక్కడి చదువుతో పోల్చి ఈసీఏ అనే నివేదిక ఇవ్వాలి. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు ఇస్తాయి. దానికి మన యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు వెళ్ళాలి. నెల్లూరు వైపు ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు వైపు వాళ్ళకి జేఎన్‌టీయూ కాకినాడ. 2008లో జేఎన్‌టీయూ విడిపోకముందు చదివినవాళ్ళ డిగ్రీ మీద హైదరాబాద్ పేరుంటుంది. డిగ్రీ కాలేజీల్లో చదివినవాళ్ళకి, చదివిన ఏడాదిని బట్టి నెల్లూరులో శ్రీ వేంకటేశ్వర లేదా విక్రమ సింహపురి, ప్రకాశంలో అయితే ఎక్కువమందికి నాగార్జున. మీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ ముద్ర ఉందో ముందు చూసుకోండి. చాలామంది ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, తీసుకోరు, ప్రొవిజనల్‌తోనే ఏళ్ళు గడిపేస్తారు. ఓడీకి ఇవాళే దరఖాస్తు పెట్టండి. బ్యాక్‌లాగులున్నా ఫర్వాలేదు, డిగ్రీ పూర్తయితే చాలు. మూడేళ్ళ డిగ్రీ వాళ్ళు మాత్రం ఆ నివేదికలో దేనికి సమానమని రాశారో జాగ్రత్తగా చదవాలి, పాయింట్లు దాన్ని బట్టే వస్తాయి. ఆ నివేదిక ఐదేళ్ళు చెల్లుతుంది.

ఇక పేర్లు. ఇది మన తెలుగువాళ్ళకే ఉన్న తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడిగా ఒక అక్షరం, తర్వాత పేరు. డిగ్రీలో ఇంటిపేరు నిండుగా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం కలిపి గివెన్ నేమ్‌లో. ఆధార్‌లో మరో స్పెల్లింగు. పెళ్ళయ్యాక అమ్మాయి ఇంటిపేరు పాస్‌పోర్టులో మారింది, చదువు కాగితాల్లో మారలేదు. అక్కడ కూర్చున్న అధికారికి మన ఇంటిపేర్ల పద్ధతి తెలియాల్సిన పనిలేదు. రెండు కాగితాల మీద రెండు పేర్లుంటే ఇద్దరు మనుషులనే చూస్తాడు. పదో తరగతి మెమోను పునాదిగా పెట్టుకుని, పాస్‌పోర్టును దానికి సరిపోయేట్టు దిద్దించుకోండి. దిద్దలేనివాటికి, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని అఫిడవిట్ చేయించండి. పెళ్ళి సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. కల్యాణ మండపం రసీదు, శుభలేఖ పెళ్ళికి ఋజువు కావు. ఇది వీసా వచ్చేటప్పుడు చేసే పని కాదు, ఇప్పుడు చేసుకునే పని.

డబ్బు చూపించడం గురించి పెద్దవాళ్ళు అడుగుతారు. "మాకు కోవూరు దగ్గర మాగాణి ఉంది, దాని విలువ చూపిస్తే చాలదా?" చాలదు. పొలం విలువ, ఇంటి విలువ, స్థలం విలువ ఏదీ పనికిరాదు. మీ చేతికి వెంటనే అందే డబ్బు బ్యాంకులో ఉండాలి. 2025 జూలైలో వాళ్ళు పెట్టిన లెక్క ఒక్క మనిషికి 15,263 కెనడా డాలర్లు, నలుగురి కుటుంబానికి 28,362. ఇది ఏటా మారుతుంది, వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి. భార్యాపిల్లలు ఇప్పుడు వెంట రాకపోయినా లెక్కలో వాళ్ళను కలపాలి. బ్యాంకు ఇచ్చే లెటర్‌లో గత ఆరు నెలల సగటు నిల్వ కూడా ఉండాలి. అందుకే వడ్డీకి తెచ్చి వారం రోజులు అకౌంట్‌లో పెట్టి తీసేస్తే వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. అప్పు డబ్బు కాకూడదని నియమం. పొలం అమ్మి వేస్తే ఆ అమ్మకం దస్తావేజు, తండ్రి ఇస్తే ఇచ్చినట్టు రాతపూర్వకంగా గిఫ్ట్ డీడ్, ఇట్లా ప్రతి పెద్ద మొత్తానికీ వెనకాల కాగితం ఉండాలి.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను. కాస్త శ్రద్ధగా వినండి. మన కావలి అబ్బాయికి 67 వచ్చాయి. అర్హత ఉంది. పీఆర్ వచ్చినట్టేనా? కాదు. ఎంసెట్‌లో క్వాలిఫై అయిన ప్రతివాడికీ సీటు వచ్చిందా? రాలేదు కదా, ర్యాంకు చూశారు. ఇక్కడా అంతే. 67 దాటినవాళ్ళందరినీ ఒక జాబితాలో పెట్టి, 1200 మార్కులకి ఇంకో స్కోరు వేస్తారు. దాన్ని సీఆర్‌ఎస్ అంటారు. అప్పుడప్పుడూ పైనుంచి కొంతమందిని పిలుస్తారు. పిలుపు వచ్చాక 60 రోజుల్లో మొత్తం దరఖాస్తు పెట్టాలి. పిలుపు రాకపోతే ఏడాదికి ఆ ప్రొఫైల్ ముగిసిపోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి.

మన అబ్బాయికి సీఆర్‌ఎస్ ఎంత వస్తుంది? నేను వేసి చూశాను. ఐఈఎల్‌టీఎస్‌లో 6లు ఉన్నప్పుడు సుమారు 320. అదే మనిషి, అదే డిగ్రీ, అదే ఉద్యోగం, ఇంగ్లీషు ఒక్కటి సీఎల్‌బీ 9కి చేరితే 410 దాటుతుంది. అంటే వినడంలో 8, మిగతా మూడింటిలో 7. ఒక్క పరీక్షతో దాదాపు 90 పాయింట్లు! ఇంట్లో కూర్చుని మీరే చేసుకోగల ఇంకే పనితో అంత లాభం రాదు. ఎందుకంటే ఇంగ్లీషు బాగుంటే చదువుకీ అనుభవానికీ కూడా అదనంగా కలుపుతారు. ఏజెంటుకిచ్చే లక్షల్లో కొంత భాగం, ఆరు నెలల సమయం ఇంగ్లీషు మీద పెట్టమని నేను ప్రతి ఇంట్లో చెప్పేది ఇందుకే.

అయినా నిజం చెప్పాలి. 2025లో కెనడాలో అప్పటికే పనిచేస్తున్నవాళ్ళ కోసం జరిగిన ఎంపికల్లో కటాఫ్ 500 పైనే నడిచింది. 410తో అక్కడికి చేరలేరు. మరి దారి లేదా? ఉన్నాయి, తేలికైనవి కావు. ఏదైనా రాష్ట్రం, వాళ్ళు ప్రావిన్స్ అంటారు, నామినేట్ చేస్తే 600 కలుస్తాయి. 2023 నుంచి వైద్యం, వడ్రంగం, ప్లంబింగు లాంటి వృత్తులవాళ్ళని, ఫ్రెంచి వచ్చినవాళ్ళని విడిగా పిలుస్తున్నారు. ఫ్రెంచివాళ్ళ కటాఫ్ 500 కంటే చాలా కిందే ఉంటోంది. ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకునే పిల్లలున్నారు, వాళ్ళు దాన్ని గట్టిగా పట్టుకుంటే మంచిది. అక్కడ ఉద్యోగం ఆఫర్ ఉంటే ఒకప్పుడు సీఆర్‌ఎస్‌లో పాయింట్లు కలిసేవి. 2025 మార్చి 25 నుంచి అవి తీసేశారు. ఎందుకు? డబ్బు తీసుకుని ఉత్తుత్తి ఆఫర్ లెటర్లు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారని. ఇప్పటికీ మన దగ్గర "జాబ్ ఆఫర్ తెప్పిస్తాం, పాయింట్లు పెరుగుతాయి" అని చెప్పి లక్షలు అడిగేవాళ్ళున్నారు. సీఆర్‌ఎస్‌లో ఆ పాయింట్లు లేవు. రాసుకోండి.

వయసు కూడా చూడండి. సీఆర్‌ఎస్‌లో 20 నుంచి 29 దాకా నిండు మార్కులు. 30 నుంచి ప్రతి పుట్టినరోజుకీ తగ్గుతూ 45కి సున్నా. 29 ఏళ్ళవాడు "వచ్చే ఏడాది చూద్దాం" అనుకుంటే ఆ ఏడాది పోగొట్టేది తిరిగి రాదు.

మరి చదువు దారి? చదువుకోవడానికి వెళ్ళి అక్కడే పీఆర్ తెచ్చుకోవడం. వెళ్ళొచ్చు. అయితే పిల్లలు చదువుకుంటూ పెట్రోలు బంకులో చేసే పార్ట్‌టైం పని కెనడా అనుభవం కింద రాదు. చదువు పూర్తయ్యాక, వర్క్ పర్మిట్ మీద, వాళ్ళ పట్టికలో పడే పని ఒక ఏడాది చేస్తేనే వస్తుంది. ఆ వర్క్ పర్మిట్ కూడా అన్ని కోర్సులకీ ఇవ్వడం లేదు. 2024 నవంబరు నుంచి కాలేజీ డిప్లొమాల్లో కొన్ని రంగాలవాటికే. కోర్సు ఫీజు కట్టేముందు ఆ కోర్సుకి వర్క్ పర్మిట్ ఉందా అని చూశారా? మీ పొలం తాకట్టు పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెచ్చుకోండి. వాళ్ళు 2025కి మొదట ఐదు లక్షల మందికి పీఆర్ ఇస్తామన్నారు, తర్వాత 3,95,000కి తగ్గించారు. అక్కడి ఇళ్ళ కొరతను బట్టి, ఆస్పత్రుల మీద భారాన్ని బట్టి వాళ్ళ నిర్ణయాలు మారతాయి. మనం కోపగించుకుని ప్రయోజనం లేదు. తెలుసుకుని అడుగు వేయాలి.

ఆస్ట్రేలియా క్లుప్తంగా. కనీసం 65 పాయింట్లు, పిలుపు వచ్చేనాటికి 45 ఏళ్ళు నిండకూడదు. అక్కడ ముందు మీ వృత్తిని ఆ వృత్తికి సంబంధించిన సంస్థ పరీక్షించి ఒప్పుకోవాలి. ఇంజినీర్లకి ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, ఐటీవాళ్ళకి ఏసీఎస్, నర్సులకి ఏఎన్‌ఎంఏసీ. ఇదే అబ్బాయి సివిల్ ఇంజినీరు అనుకోండి. వయసుకి 30, డిగ్రీకి 15, నాలుగేళ్ళ అనుభవానికి 5, ఐఈఎల్‌టీఎస్‌లో అన్నింటా 7 ఉంటే 10. మొత్తం 60. భార్యకి ఐఈఎల్‌టీఎస్ 6లు ఉంటే 5 కలిసి 65. చూశారా, మళ్ళీ ఆ అమ్మాయి పరీక్షే గట్టెక్కించింది. ఇక్కడ కూడా 65 గుమ్మం మాత్రమే. రాష్ట్రం నామినేట్ చేస్తే 5, పెద్ద నగరాలకు దూరంగా ఉండే ప్రాంతానికి వెళ్ళడానికి రాష్ట్రం నామినేట్ చేసినా, అక్కడున్న బంధువు స్పాన్సర్ చేసినా 15 కలుస్తాయి. ఆ 15 ఇచ్చే వీసా ఐదేళ్ళ తాత్కాలిక వీసా, మూడేళ్ళు అక్కడ ఉన్నాక పీఆర్‌కి వెళ్ళొచ్చు. ఐటీవాళ్ళు ఒకటి గమనించాలి, ఏసీఎస్ మీ అనుభవంలోంచి కొన్నేళ్ళు తీసేసి మిగతాదే లెక్కిస్తుంది.

అమెరికా గురించి అడగని ఇల్లు లేదు. అక్కడ ఇట్లాంటి పాయింట్ల లెక్క లేదు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు, లేదా కుటుంబ సభ్యులు స్పాన్సర్ చేయాలి. ఉద్యోగాల కోటా ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని నియమం. చిన్న దేశానికీ అదే ఏడు, మన దేశానికీ అదే ఏడు. అందుకే మనవాళ్ళు గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళు దాటి ఎదురుచూస్తున్నారు. పిల్లలకి 21 ఏళ్ళు నిండితే ఆ క్యూలోంచి జారిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇక గ్రీన్‌కార్డు లాటరీ అని ఫోన్లు వస్తుంటాయి. ఆ లాటరీకి భారతదేశంలో పుట్టినవాళ్ళకి అర్హత లేదు. ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు.

అర్హత తేలి, ఎంపికై, పిలుపు వచ్చాక కూడా ఆగిపోయేవాళ్ళున్నారు. మెడికల్, పోలీసు సర్టిఫికెట్ చూస్తారు. ఆ పోలీసు సర్టిఫికెట్‌ని, అంటే పీసీసీని, పాస్‌పోర్టు సేవ ద్వారా తీసుకుంటాం, మెడికల్ వాళ్ళు గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. తాగి బండి నడిపిన కేసును మనం జరిమానా కట్టేసి మర్చిపోతాం. 2018 డిసెంబరు నుంచి కెనడా దాన్ని తీవ్రమైన నేరాల్లో చేర్చింది. ఊళ్ళో గట్టు తగాదాలో పేరు ఇరికించిన ఎఫ్‌ఐఆర్ ఉందా? దాచొద్దు. కేసు ఏమైందో కోర్టు కాగితాలతో చెప్పండి. కేసు కంటే దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది. అట్లాగే ఇంట్లో ఎవరెవరున్నారో అందరినీ చెప్పాలి. దరఖాస్తు మధ్యలో పెళ్ళయితే చెప్పాలి, బిడ్డ పుడితే చెప్పాలి. "ఫైలు ఆలస్యమవుతుంది, ఇప్పుడు చెప్పొద్దు" అని సలహా ఇచ్చేవాళ్ళ మాట వింటే, రేపు ఆ భార్యని, ఆ బిడ్డని స్పాన్సర్ చేసుకునే హక్కే పోవచ్చు.

ఏజెంటు అసలే వద్దంటున్నారా సార్ అని అడుగుతున్నారు. అట్లా అనను. ఫైలు చిక్కుగా ఉంటే తెలిసినవాళ్ళ సాయం అవసరమే. అయితే కెనడాకి డబ్బు తీసుకుని సలహా చెప్పాలంటే అక్కడి లాయరైనా అయి ఉండాలి, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో రిజిస్టరైనా అయి ఉండాలి. ఆస్ట్రేలియాకి కూడా రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్లున్నారు. నంబరు అడిగి, వాళ్ళ జాబితాలో మీరే వెతకండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వ ఫీజు లేదు. పిలుపు వచ్చాకే ఫీజు. ఎవరికి అప్పగించినా ఈమెయిల్, పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి. పంపేముందు ప్రతి పేజీ చదవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు.

చివరగా, చాలాసేపటి నుంచి ముందు వరసలో పెద్దాయన అడగాలని చూస్తున్నారు, నాకు తెలుస్తోంది. "పిల్లలు వెళ్ళాక మేం వెళ్ళి ఉండొచ్చా?" ఇది కూడా ఇప్పుడే తెలుసుకోవాలి, పిల్లలు వెళ్ళాక కాదు. కెనడాలో తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ ఉంది. కానీ 2020లో పేర్లు ఇచ్చినవాళ్ళ జాబితా నుంచే ఆ తర్వాతి ఏళ్ళలోనూ పిలుస్తూ వచ్చారు. పిల్లలు మూడేళ్ళ ఆదాయం చూపించాలి, ఇరవై ఏళ్ళు మీ బాధ్యత తీసుకుంటామని రాసివ్వాలి. దాని బదులు సూపర్ వీసా ఉంది, ఒకసారి వెళితే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, ఆరోగ్య బీమా తప్పనిసరి. అమెరికాలో బిడ్డ పౌరుడై 21 ఏళ్ళు దాటి ఉంటే తల్లిదండ్రులకి కోటా అడ్డం లేదు. ఆస్ట్రేలియాలో మాత్రం బిడ్డల లెక్క చూస్తారు. మీ పిల్లల్లో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలి, లేదా మిగతా ఏ ఒక్క దేశంలో కంటే అక్కడే ఎక్కువమంది ఉండాలి. ఇద్దరు పిల్లల్లో ఒకరు సిడ్నీలో, ఒకరు కావలిలో ఉంటే సగం కాబట్టి సరిపోతుంది. ముగ్గురిలో ఒకరే అక్కడుండి ఇద్దరు ఇక్కడుంటే సరిపోదు. ముగ్గురూ మూడు దేశాల్లో ఉన్నా సరిపోదు. అర్హత దాటినా క్యూ చాలా ఏళ్ళు ఉంటుంది. పిల్లలు దేశం ఎంచుకునేటప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని ఈ మాట కూడా మాట్లాడుకోండి.

కాగితాల మీద లెక్క వేసుకున్నవాళ్ళు అట్లాగే కూర్చోండి. ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వస్తాను, పాయింట్లు ఎక్కడ తగ్గాయో కలిసి చూద్దాం.